గురకను చూసి నవ్వకండి - పళ్ల డాక్టరు చేయగల సాయం



మేము ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు గదినిండా చాపలు వరుసగా పరుచుకుని పడుకునేవాళ్లం. మాలో ఒకడు గట్టిగా గురక పెట్టేవాడు. వాడికి 'పిండిమిల్లు' అని పేరు పెట్టాం. నిద్రలో ముక్కు మూసేవాళ్లం, మొహానికి బొగ్గు పూసేవాళ్లం. పొద్దున స్టడీ అవర్లో వాడు కునికితే సారు బెంచీ ఎక్కించేవారు. పదో తరగతి తప్పి వాడు చదువు మానేశాడు. ఇప్పుడు ఎం.ఎస్సీ. జువాలజీ చదువుతుంటే, అది జబ్బయి ఉండవచ్చని తెలిసింది. అందుకే ఈ వ్యాసం.

గురక అంటే ఏమిటి?

నిద్రలో నాలుక, గొంతు కండరాలు సడలుతాయి. గాలి వెళ్లే దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులో గాలి పోతుంటే కొండనాలుక, మెత్తని అంగిలి అదిరి వచ్చే చప్పుడే గురక. కొందరిలో దారి పూర్తిగా మూసుకుపోయి కనీసం 10 సెకన్లు శ్వాస ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. శ్వాస ఆగడం, బాగా తగ్గడం కలిపి గంటకు 5 నుండి 15 సార్లయితే స్వల్పం, 15 నుండి 30 అయితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. అశ్రద్ధ చేస్తే బి.పి., గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. పగటి నిద్రమత్తు వల్ల ప్రమాదాలు జరుగుతాయి.

మా ఇంట్లో జరిగింది

మా నాన్న ఆటో నడుపుతారు. బక్కపలచని మనిషి. ఒక సాయంత్రం కునుకుపట్టి ఆటో కాలువ గట్టు దిగింది. తాగి నడిపాడని ఊరంతా అనుకున్నారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే కాబట్టి ఆసుపత్రి చీటీలు చదవడం మా వంతే అయింది.

2008లో కెనడా డాక్టర్లు తయారుచేసిన స్టాప్-బ్యాంగ్ అనే ప్రశ్నావళి ఒకటుంది. గట్టి గురక, పగటి అలసట, శ్వాస ఆగడం ఎవరైనా చూడటం, బి.పి., అధిక బరువు, 50 దాటిన వయసు, 40 సెంటీమీటర్లు మించిన మెడ చుట్టుకొలత, మగవారు కావడం - ఇవి ఎనిమిది. మూడు లేక అంతకన్నా ఎక్కువ వర్తిస్తే పరీక్ష అవసరం. "మధ్యలో ఊపిరి ఆగిపోతది బిడ్డా, నేనే తట్టి లేపుత" అని అమ్మ చెప్పింది. అన్నీ కలిపితే నాన్నకు ఐదు వచ్చాయి. రాత్రంతా జరిగిన నిద్ర పరీక్షలో గంటకు 21 అని తేలింది. సన్నగా ఉన్నా కింది దవడ చిన్నదై వెనక్కి ఉంటే ఈ జబ్బు రావచ్చని డాక్టరు చెప్పారు.

మొదట సీపాప్ యంత్రం వాడమన్నారు. ఆస్ట్రేలియా డాక్టరు కాలిన్ సల్లివాన్ 1981లో లోకానికి తెలిపిన ఈ పద్ధతిలో మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపుతారు. తీవ్రమైన జబ్బుకు నేటికీ ఇదే ప్రధాన చికిత్స. నాన్న మాత్రం మాస్కు భరించలేకపోయారు. అప్పుడు పళ్ల డాక్టరు దగ్గరికి పంపారు.

దంతవైద్యంలో ఉన్న మార్గాలు

1. దవడను ముందుకు జరిపే పరికరం: పై పళ్లకు, కింది పళ్లకు అచ్చు తీసి చేస్తారు. రాత్రి పెట్టుకుంటే కింది దవడ కొద్దిగా ముందుకు వస్తుంది. దానితోపాటు నాలుకా ముందుకు వచ్చి దారి తెరుచుకుంటుంది. ఉత్త గురకకు, స్వల్ప, మధ్యస్థ జబ్బుకు, సీపాప్ పడనివారికి ఇది పనికొస్తుంది. గట్టి పళ్లు తగినన్ని ఉండాలి. చిగుళ్లు, దవడ కీలు బాగుండాలి.

2. నాలుకను పట్టి ఉంచే పరికరం: మెత్తని బుడగలాంటి దానిలో నాలుకను ముందుకు నిలుపుతారు. పళ్లు లేనివారికి ఉపయోగం.

3. అంగిలిని వెడల్పు చేసే పరికరం: అంగిలి ఇరుకుగా ఉన్న ఎదిగే పిల్లలకు. పిల్లల్లో ముందు టాన్సిల్స్, ఎడినాయిడ్స్ పరీక్షించాలి. చాలామందికి వాటిని తీసివేయడమే మొదటి చికిత్స.

4. రెండు దవడలను ముందుకు జరిపే శస్త్రచికిత్స: ఇది పెద్ద ఆపరేషన్. వేరే మార్గాలు పనిచేయని కొందరికే.

నాన్నకు పొగాకు వల్ల చిగుళ్లు చెడి ఉన్నాయి. ముందు అవి నయం చేసి, పొగాకు మాన్పించి, తర్వాతే పరికరం చేశారు. మొదట్లో దవడ నొప్పి, నోట్లో లాలాజలం ఊరడం ఉండేవి. వారాల తరబడి కొద్దికొద్దిగా జరిపారు. ఏళ్లు గడిస్తే పళ్ల కలయిక మారవచ్చు కాబట్టి డాక్టరుకు చూపించుకుంటూనే ఉండాలి. నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే 21 కాస్తా 7 అయింది. జబ్బు పూర్తిగా పోలేదు. కానీ నాన్న పగలు కునకడం లేదు, అమ్మ రాత్రి నిద్రపోతోంది.

జాగ్రత్త

నిద్ర పరీక్ష లేకుండా దుకాణంలో దొరికే పరికరం కొని పెట్టుకోకండి. చప్పుడు తగ్గినా శ్వాస ఆగుతూనే ఉండవచ్చు. పరికరం పెట్టాక రెండోసారి పరీక్ష చేయించడం అందుకే. బరువు ఎక్కువుంటే తగ్గడం, మద్యం మానడం, పక్కకు తిరిగి పడుకోవడం కూడా మేలు చేస్తాయి.

తమ్ముళ్లారా! మీ గదిలో ఎవరైనా గురక పెడితే ముక్కు మూయకండి. ఒక రాత్రి మేలుకుని గమనించండి. గురక ఉన్నట్టుండి ఆగి, కాసేపటికి ఎగపోతతో మళ్లీ మొదలైతే వార్డెన్ సారుకు చెప్పండి, డాక్టరుకు చూపించండి. క్లాసులో కునికేవాడు సోమరి కాకపోవచ్చు.

అన్నలారా! మా 'పిండిమిల్లు' మీలో ఎవరికైనా కనిపిస్తే ఈ సంచిక వాడి చేతికివ్వండి. వాణ్ణి అసలు పేరుతో పిలిచి క్షమించమని అడగాలని ఉంది.