పసిబిడ్డతో వేసవి: ఇంట్లో హాయిగా, క్షేమంగా



వేసవి వచ్చిందంటే మన ఇళ్లలో సందడే వేరు. బడులకు సెలవులు, ఆవకాయ పనులు, మామిడిపండ్ల వాసన. కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల, ఆమె ఒళ్లో కొత్త బిడ్డ, చుట్టూ మూగిన చిన్నపిల్లలు. బిడ్డతో ఇంత తీరికగా గడిపే రోజులు మళ్లీ మళ్లీ రావు. ఎండకు భయపడి ఆ సంతోషాన్ని పోగొట్టుకోనక్కరలేదు.

అయితే ఒక్క సంగతి మరువకూడదు. మనకు దాహమైతే నీళ్లు తాగుతాం. ఉక్క పోస్తే చొక్కా విప్పుతాం. గాలి ఆడకపోతే వసారాలోకి వెళ్తాం. నెలల బిడ్డ ఈ మూడింటిలో ఏదీ చేయలేదు. ఏడవడం ఒక్కటే దానికి తెలుసు. బాగా నీరసించిపోతే ఆ ఏడుపు కూడా రాదు. అందుకే బిడ్డ పక్కన కూర్చుని, ఆడిస్తూ, ఒళ్లు తడిమి చూసుకునే మనిషే బిడ్డకు అసలైన రక్ష. బిడ్డను ముద్దు చేయడం, బిడ్డను కనిపెట్టి ఉండడం రెండు వేర్వేరు పనులు కావు. ఈ నెల పాఠం ఇదే.

ఎండ బిడ్డకు త్వరగా ఎందుకు తగులుతుంది?

బరువుతో పోల్చి చూస్తే పసిబిడ్డకు చర్మం విస్తీర్ణం ఎక్కువ. అందువల్ల బయటి వేడి త్వరగా లోపలికి చేరుతుంది. చెమట పట్టి ఒళ్లు చల్లబడే శక్తి ఇంకా పూర్తిగా రాదు. ఒంట్లో నీరు కొద్దిగా తగ్గినా త్వరగా నీరసిస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మన పెద్దలు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా చనిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. పెద్దవాళ్లే తట్టుకోలేని ఎండను పసివాళ్లు ఎలా తట్టుకుంటారు?

ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్లు పట్టవచ్చా?

వేసవిలో మా వార్డులో అందరూ అడిగే ప్రశ్న ఇది. "ఇంత ఎండలో గొంతు ఎండిపోదా సిస్టర్, రెండు చెంచాల నీళ్లు పడితే ఏమవుతుంది?" అంటారు అమ్మమ్మలు. వారిది ప్రేమే. కాని జవాబు మాత్రం ఒక్కటే: వద్దు.

తల్లిపాలలో నూటికి 87 వంతులకు పైగా నీరే ఉంటుంది. బిడ్డ దాహం తీరడానికి అది చాలు. ఎంత వేడి ప్రదేశమైనా ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు తప్ప వేరే నీళ్లు అక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. నీళ్లు పడితే మూడు నష్టాలు ఉన్నాయి:

1. బిడ్డ పొట్ట చాలా చిన్నది. నీళ్లతో నిండితే పాలు తాగదు. బిడ్డ తాగడం తగ్గితే తల్లికి పాలు పడడమూ తగ్గుతుంది.
2. నీళ్ల ద్వారా, గిన్నె ద్వారా, చెంచా ద్వారా క్రిములు చేరి విరేచనాలు పట్టుకుంటాయి.
3. ఎక్కువ నీళ్లు పడితే రక్తంలో ఉప్పు శాతం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు.

గ్లూకోజు నీళ్లు, పంచదార నీళ్లు, గ్రైప్ వాటర్, ఆముదం కూడా వద్దు. తేనె ఏడాది నిండే వరకు నాకించకూడదు.

మరి ఏం చేయాలి? మామూలు కంటే ఎక్కువసార్లు పాలివ్వండి. ఎండలో బిడ్డ కొంచెం కొంచెంగా, తరచుగా తాగుతుంది. అంతమాత్రాన పాలు చాలడం లేదని కంగారు పడకండి. చెమటకు ఒళ్లు అంటుకుని బిడ్డ చిరాకు పడితే తల్లి చేతికీ బిడ్డకూ మధ్య పలుచని నూలుగుడ్డ వేసుకోండి. మొదటి వారం దాటిన బిడ్డ రోజు మొత్తంలో ఆరుసార్లు, అంతకు మించి మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే.

డబ్బాపాలు తాగే బిడ్డకు డబ్బా మీది కొలత ప్రకారమే కలపండి. ఎండ కదా అని పలుచన చేయకండి. విడిగా నీళ్లు పట్టాలా వద్దా అన్నది డాక్టరును అడగండి.

బాలింతకు నీళ్లు ఇవ్వండి

బిడ్డకు నీళ్లు పట్టాలని ఆరాటపడే ఇళ్లలోనే బాలింతకు నీళ్లు తగ్గించడం చూస్తుంటాం. నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందని, మజ్జిగ తాగితే బిడ్డకు జలుబు చేస్తుందని అంటారు. ఇవి నిజం కాదు. మే నెలలో పత్యం పేరుతో నీళ్లు ఆపితే బాలింతకు తలనొప్పి, మూత్రంలో మంట, మలబద్ధకం, నీరసం వస్తాయి. పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు నీళ్లు తాగమనండి. మజ్జిగ, పప్పుచారు, కూరగాయలు, పండ్లు అన్నీ పెట్టండి. తల్లి తాగిన మజ్జిగ చలవ పాలలోకి వెళ్లి బిడ్డకు జలుబు తీసుకురాదు. జలుబు క్రిముల వల్ల వస్తుంది.

గది, బట్టలు, నిద్ర

బాలింతకు గాలి తగలకూడదని కిటికీలు బిగించడం, చెవుల్లో దూది, తలకు గుడ్డ, బిడ్డకు స్వెట్టరు, మేజోళ్లు! చలికాలంలో పుట్టిన బిడ్డకు చేసిన ఏర్పాటే ఎండాకాలంలో పుట్టిన బిడ్డకూ చేస్తారు. వేసవిలో బిడ్డకు ఒక పలుచని నూలు చొక్కా చాలు. చేతులు, పాదాలు పట్టి చూసి "చల్లగా ఉన్నాడు, కప్పండి" అనకండి. మెడ వెనుక, ఛాతీ మీద చేయి పెట్టి చూడండి. అక్కడ వేడిగా, చెమటగా ఉంటే బట్టలు తగ్గించాలి. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ విషయంలో మాత్రం డాక్టరు చెప్పినట్టు చేయండి.

పగలు ఎండ పడే వైపు కిటికీలకు తెరలు వేసి, పొద్దువాలాక అన్నీ తెరవండి. ఫ్యానుగాని, కూలరుగాని, ఏసీగాని వాడవచ్చు. గాలి సూటిగా ముఖానికి కొట్టకుండా చూసుకోండి. ఏసీ 26 డిగ్రీల ప్రాంతంలో ఉంటే హాయిగా ఉంటుంది. రేకుల ఇల్లయితే మధ్యాహ్నం పూట తల్లీబిడ్డలను చెట్టు నీడకో, చల్లని పక్కింటికో మార్చండి.

బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి. చీర ఉయ్యాలలో వేస్తే గుడ్డ బిడ్డను చుట్టేసి గాలి ఆడదు. ముఖం కనబడేలా ఉంచి తరచు చూస్తుండండి. ఉయ్యాల మీద మరో గుడ్డ, అది తడిగుడ్డ అయినా సరే, కప్పకండి. సాయంత్రం నుంచి దోమతెర తప్పనిసరి.

స్నానం ఒక పండుగ

అమ్మమ్మ కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోయడం మన ఇళ్లలో చూడముచ్చటైన దృశ్యం. అది మానకండి. వేసవిలో గోరువెచ్చని నీళ్లు చాలు. ముందు మీ మోచేతి మీద పోసుకుని చూడండి. కొద్దిగా నూనె రాసి మృదువుగా మర్దన చేయవచ్చు. కాని ముక్కులో, చెవుల్లో నూనె వేయకండి. నోట్లో వేలు పెట్టి కళ్లె తీయకండి. బొడ్డు మీద ఏమీ రాయకండి. సాంబ్రాణి పొగ పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు. చెమటకాయలు లేస్తే పౌడరు దట్టించకండి. తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, వదులైన బట్టలు వేస్తే అవే తగ్గిపోతాయి. అవి చీము పడితే చూపించండి.

కామెర్లు ఉన్నాయని బిడ్డను ఎండలో పడుకోబెట్టకండి. ఎండ కామెర్లకు వైద్యం కాదు. అరచేతులు, పాదాలు పచ్చబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఆడుకోండి, మాట్లాడండి

పొద్దున్నే చల్లని వేళ, సాయంత్రం ఎండ తగ్గాక వేపచెట్టు కిందనో, డాబా మీదనో చాప వేసి బిడ్డను ఆడించండి. మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా పడుకోబెట్టి ఎదురుగా కూర్చోండి. మెడకు బలం వస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య బిడ్డ మీ ముఖం చూసి నవ్వడం మొదలుపెడుతుంది. ఆ నవ్వుకు బదులు చెప్పండి. దోబూచులాడండి, పాటలు పాడండి, ఊ కొట్టించండి. సెల్‌ఫోను చేతికివ్వకండి. తండ్రులు కూడా ఎత్తుకోవాలి, గుడ్డలు మార్చాలి. రోజూ ఎత్తుకునే చేతికే బిడ్డ ఒళ్లు ఈరోజు వేడిగా ఉందో, హుషారు తగ్గిందో తెలుస్తుంది.

మధ్యాహ్నం 12 నుంచి 4 గంటల వరకు బిడ్డను బయటికి తీసుకువెళ్లకండి. ఆగి ఉన్న కారులో ఒక్క నిమిషమైనా ఒంటరిగా వదలకండి. ఎండలని టీకాలు మాత్రం వాయిదా వేయకండి. ఉదయమే వెళ్లి వేయించండి. 6, 10, 14 వారాలకు వేసే రోటా వైరస్ చుక్కలు తీవ్రమైన విరేచనాల నుంచి కాపాడతాయి.

ఆరు నెలలు దాటిన బిడ్డకు

తల్లిపాలతో పాటు మెత్తని అన్నం, పప్పు, కూరగాయలు, కాచి చల్లార్చిన నీళ్లు ఇవ్వవచ్చు. మామిడిపండును బాగా కడిగి గుజ్జు తీసి పెట్టండి. పుచ్చకాయలో గింజలు తీసేయండి. తాటిముంజెను తొక్క తీసి మెత్తగా చిదమండి. ముక్కగా ఇస్తే గొంతులో అడ్డం పడుతుంది. ఎండలో వండినది త్వరగా పాడవుతుంది. ఏ పూటది ఆ పూటే చేయండి, మిగిలింది పారేయండి.

పాకే బిడ్డ ఉన్న ఇంట్లో నీళ్ల బకెట్టు, డ్రమ్ము, సంపు మూత వేసి ఉంచాలి. నాలుగు అంగుళాల నీళ్లలో కూడా పసిబిడ్డ మునిగిపోగలదు. కూలరును, దాని వైరును బిడ్డకు అందకుండా పెట్టండి. అందులోని నీళ్లు వారానికొకసారైనా పూర్తిగా పారబోసి తుడవండి. లేకపోతే డెంగీ దోమలు పెరుగుతాయి.

విరేచనాలు పట్టుకుంటే

తల్లిపాలు ఆపకండి. ఓఆర్ఎస్ పొడిని ప్యాకెట్టు మీద రాసిన కొలత నీళ్లలో మొత్తం ఒకేసారి కలపండి. విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో నెమ్మదిగా పట్టండి. ఆరు నెలల లోపు బిడ్డకు కూడా విరేచనాలప్పుడు ఇది మందుగా ఇవ్వవచ్చు. కాని ఆ బిడ్డను అదే రోజు మాకు చూపించండి. కలిపినది 24 గంటలు దాటితే పారేయండి. రెండు నెలలు దాటిన పిల్లలకు జింకు మాత్రలు 14 రోజులు వాడమంటారు. మోతాదు మా నర్సులు చెబుతారు.

1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరాతో చనిపోతున్నవారిని డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, గ్లూకోజు నీళ్లతోనే బతికించారు. అయితే దుకాణాల్లో దొరికే తీపి పానీయాలన్నీ ఓఆర్ఎస్ కావు. వాటిలో చక్కెర ఎక్కువై విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. మీరు కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని రాసి ఉందో లేదో చూసుకోండి.

ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురావలసిన గుర్తులు

1. పాలు తాగకపోవడం, లేదా తాగినదంతా కక్కుకోవడం.
2. మత్తుగా పడి ఉండడం, లేపినా లేవకపోవడం, ఫిట్స్ రావడం.
3. ఆరు గంటలకు పైగా మూత్రం పోయకపోవడం.
4. మాడు గుంట పడడం, కళ్లు లోపలికి పోవడం, నోరు ఎండిపోవడం.
5. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీలు, అంతకు మించి జ్వరం.
6. ఒళ్లు కాలిపోతూ, ఊపిరి వేగంగా తీయడం.
7. విరేచనంలో రక్తం పడడం.

వడదెబ్బ అనిపిస్తే 108కి ఫోను చేయండి. బండి వచ్చేలోగా బిడ్డను నీడకు మార్చి, బట్టలు విప్పి, మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి విసరండి. ఐసునీళ్లలో ముంచకండి. తెలివిగా ఉంటేనే పాలివ్వండి. మత్తులో ఉన్న బిడ్డ నోట్లో ఏమీ పోయకండి.

ఈ గుర్తులున్న భాగాన్ని కత్తిరించి ఉయ్యాల దగ్గర గోడకు అంటించుకోండి. ఇంట్లో ఉన్న బాలింతను మాత్రం ఈరోజే అడగండి: "ఎన్ని గ్లాసుల నీళ్లు తాగావమ్మా?" అని. ఏ సందేహమున్నా మా పిల్లల వార్డుకు రండి. చిన్న విషయమని మొహమాటపడవద్దు. పగలైనా రాత్రయినా డ్యూటీ సిస్టర్ మీకు జవాబు చెబుతుంది.

– నర్సింగ్ సూపరింటెండెంట్