ఇంటి బీమా: ఒకే రాష్ట్రంలో ధర ఎందుకు మారుతుంది?

మహారాష్ట్రలో తెలుగువారు నేడు నిన్న వచ్చినవారు కారు. షోలాపూర్, భీవండీ నేత కార్ఖానాలలోను, ముంబయి ఛాళ్లలోను, పుణె, నాగపూర్ కాలనీలలోను తరతరాలుగా స్థిరపడినవారు ఉన్నారు. ఒకప్పుడు అద్దె గదిలో కాపురం మొదలుపెట్టిన కుటుంబాలు ఎన్నో నేడు సొంత ఇంటికి యజమానులు. జీవిత కాలపు పొదుపంతా ఆ నాలుగు గోడలలోనే ఉంటుంది. అయినా ద్విచక్ర వాహనానికి ఏటా బీమా చేయించేవారు ఇంటి బీమా గురించి ఆలోచించడం అరుదు. ఇంటి బీమా అంటే ఏమిటి, దాని ధర ఒకే రాష్ట్రంలో ఊరికొక తీరుగా ఎందుకు ఉంటుంది, ధరకన్నా ముందు చూడవలసినవి ఏవి అన్న విషయాలను ఈ పాఠంలో తెలుసుకొందాం.

1. పాలసీ ఒకటే, ధర ఒకటి కాదు

భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ఆదేశం మేరకు 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీ అమలులోకి వచ్చింది. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుఫాను, వరద, కొండచరియలు విరిగిపడడం, అల్లర్లు మొదలైన వాటివల్ల ఇంటికి కలిగే నష్టం దీని పరిధిలోకి వస్తుంది. ఏ కంపెనీ అమ్మినా మూల నిబంధనలు ఒకటే. అయితే ప్రీమియం మాత్రం ప్రభుత్వం నిర్ణయించినది కాదు. ఏ ఇంటికి ఎంత వసూలు చేయాలో ప్రతి కంపెనీ తన లెక్క ప్రకారం నిర్ణయించుకొంటుంది. కనుక ఒకే వీధిలోని ఒకే రకమైన ఇంటికి రెండు కంపెనీలు రెండు ధరలు చెప్పవచ్చు. కనీసం ముగ్గురిని అడిగి చూడడం వివేకం.

2. స్థలాన్ని బట్టి ప్రమాదం

మహారాష్ట్ర ఒకే రాష్ట్రమైనా ప్రకృతి దృష్టిలో పలు ప్రాంతాల కూడిక. కొంకణ తీరానికి తుఫాను భయం ఉంది; 2020 జూన్ 3న ‘నిసర్గ’ తుఫాను రాయగడ్ జిల్లా తీరాన్ని తాకింది. ముంబయికి ముంపు భయం ఉంది; 2005 జూలై 26న శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. కృష్ణా, పంచగంగా నదుల వెంట ఉన్న సాంగ్లీ, కొల్హాపూర్ 2019 ఆగస్టులోను, కొంకణంలోని చిప్లూణ్ 2021 జూలైలోను నీట మునిగాయి.

భూకంపాల విషయంలోను ఇదే తేడా. 2002లో సవరించిన జాతీయ ప్రమాణం దేశాన్ని రెండు నుంచి అయిదు వరకు నాలుగు మండలాలుగా విభజించింది. దాని ప్రకారం నాగపూర్ రెండవ మండలంలోను, ముంబయి, పుణె మూడవ మండలంలోను, 1967 డిసెంబరులో పెద్ద భూకంపం చూసిన కోయ్నా ప్రాంతం నాలుగవ మండలంలోను ఉన్నాయి. మండలం పెరిగినకొద్దీ ప్రీమియంలో భూకంపపు వాటా పెరగడం సహజం.

అయితే పటం అభయపత్రం కాదు. 1993 సెప్టెంబరు 30న లాతూర్ జిల్లా కిల్లారి భూకంపంలో వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. అప్పటి పటంలో ఆ ప్రాంతం అతి తక్కువ ప్రమాదం గల మండలంలో ఉంది. తరువాతి సవరణలోనే దానిని పై మండలంలోకి మార్చారు. ‘మా ఊరికి ఆ భయం లేదు’ అన్న ధీమాతో భూకంప రక్షణను వదలుకోరాదని ఈ అనుభవం చెబుతుంది.

3. ఇంటి వెల వేరు, బీమా మొత్తం వేరు

ముంబయిలో చిన్న ఫ్లాటు వెల కోటి దాటితే బీమా కూడా కోటికి చేయించాలా? అక్కరలేదు. ఆ వెలలో అధిక భాగం స్థలానిది. ఇల్లు కూలినా స్థలం ఎక్కడికీ పోదు. బీమా లెక్కకు వచ్చేది ఇంటిని మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు మాత్రమే. కార్పెట్ వైశాల్యాన్ని నిర్మాణపు ఖర్చుతో గుణిస్తే అది వస్తుంది.

అవగాహన కోసం ఒక లెక్క చూద్దాం. ఇందులోని ధరలు ఊహించినవే. 500 చదరపు అడుగుల ఇల్లు ముంబయిలో ఒకటి, షోలాపూర్‌లో ఒకటి ఉన్నాయనుకొందాం. నిర్మాణపు ఖర్చు చదరపు అడుగుకు ముంబయిలో రూ. 3,000, షోలాపూర్‌లో రూ. 2,000 అయితే బీమా మొత్తాలు వరుసగా రూ. 15 లక్షలు, రూ. 10 లక్షలు. ప్రీమియం రేటు వెయ్యికి 40 పైసలు, 30 పైసలు అనుకొంటే ఏటా చెల్లించవలసింది రూ. 600, రూ. 300, జీఎస్టీ అదనం. రెండు ఇళ్ల వెలల మధ్య తేడా లక్షలలో ఉన్నా, ప్రీమియంలో తేడా వందలలోనే ఉంది. ఆ మూడు వందలు మిగుల్చుకోవడానికి బీమా మొత్తాన్ని సగానికి తగ్గించి చూపితే, ఇల్లు కూలిన నాడు చేతికి వచ్చేది కూడా సగమే.

ఈ పాలసీలో భవనంతో పాటు ఇంటి సామానుకు కూడా భవన బీమా మొత్తంలో 20 శాతం వరకు, గరిష్ఠంగా రూ. 10 లక్షల వరకు రక్షణ ఉంటుంది. అద్దెకున్నవారు కేవలం తమ సామానుకు బీమా చేయించుకోవచ్చు.

4. ఇంట్లో మగ్గం ఉంటే

మన నేత కుటుంబాలు ప్రత్యేకంగా గుర్తించవలసిన విషయం ఇది. గృహ బీమా నివాసం కోసం ఉద్దేశించినది. ముందు గదిలో మరమగ్గాలు నడుస్తూ, వెనుక గదిలో కాపురం ఉన్నప్పుడు ఆ సంగతి దాచి గృహ బీమా తీసుకొంటే, మగ్గం మోటారు నుంచి నిప్పు లేచిన రోజున కంపెనీ పరిహారం నిరాకరించే అవకాశం ఉంది. నూలు, బట్ట, మగ్గం గృహ సామాను కావు. అటువంటివారు దరఖాస్తులోనే నిజం తెలిపి, వ్యాపార భాగానికి వేరుగా బీమా చేయించాలి. ఒక చోట ఉన్న ఆస్తి విలువ రూ. 5 కోట్ల లోపు గల చిన్న పరిశ్రమల కోసం ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే ప్రామాణిక పాలసీ ఉంది. దీని ప్రీమియం గృహ బీమాకన్నా ఎక్కువ కావచ్చు. అయినా చెల్లని పాలసీకి కట్టిన రూపాయికన్నా అది మేలు.

రేకుల కప్పు, చెక్క గోడలు వంటి నిర్మాణ వివరాలను కూడా ఉన్నవి ఉన్నట్లు తెలపాలి. కట్టడం తీరును బట్టి కూడా ధర మారుతుంది.

5. తరచుగా జరిగే పొరపాట్లు

మొదటిది: దొంగతనానికి కూడా రక్షణ ఉందనుకోవడం. వరద, అగ్నిప్రమాదం వంటివి జరిగిన తరువాత ఏడు రోజులలోగా జరిగిన చోరీకే మూల పాలసీ వర్తిస్తుంది. మామూలు దొంగతనానికి వేరే బీమా కావాలి. నగదు దీని పరిధిలోకి రాదు. నగలకు అదనపు రక్షణ కోరాలి.

రెండవది: బ్యాంకు రుణంతో వచ్చిన బీమా ఇంటి బీమాయే అనుకోవడం. అది చాలాసార్లు రుణగ్రహీత ప్రాణానికి సంబంధించిన బీమా. కాగితం తీసి ఏది దేనికో చూసుకోండి.

మూడవది: సొసైటీ అంతా చూసుకొంటుందనుకోవడం. భవనానికి అగ్ని, భూకంప బీమా చేయించాలని మహారాష్ట్ర సహకార గృహ సంఘాల నమూనా నిబంధనావళి చెబుతుంది. అది నిజంగా జరిగిందా, ఎంత మొత్తానికి జరిగింది అన్నది వార్షిక సర్వసభ్య సమావేశంలో అడగడం సభ్యుని హక్కు. ఆ బీమా మీ ఇంటిలోని సామానుకు వర్తించదని కూడా మరువరాదు.

నాలుగవది: చాలా ఏళ్లుగా కారుతున్న గోడ, తేమ పట్టిన కప్పు బాగుచేయించుకోవడానికి బీమాను ఆశించడం. కాలక్రమాన జరిగే తరుగుదలకు పరిహారం ఉండదు.

6. నష్టం జరిగితే

ప్రాణరక్షణ మొదటిది. తరువాత వెంటనే కంపెనీకి తెలిపి, నష్టాన్ని ఫోటోలు తీసి, సర్వేయరు చూసేవరకు పాడైన వస్తువులను పారవేయకుండా ఉంచాలి. పాలసీ ప్రతిని, సామాను రసీదులను ఊరిలో ఉన్న బంధువుల వద్ద కూడా ఒక నకలుగా ఉంచడం మంచిది. ఇల్లు మునిగితే బీరువా కూడా మునుగుతుంది.

పరిహారం అన్యాయంగా నిరాకరించారనుకొంటే మొదట కంపెనీకే లిఖితంగా ఫిర్యాదు చేయాలి. నెలలోగా తగిన జవాబు రాకపోతే బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయాలలో మీ ప్రాంతానికి చెందినదానిని ఆశ్రయించవచ్చు. రూ. 50 లక్షల వరకు గల వివాదాలను వారు విచారిస్తారు. రుసుము లేదు, వకీలు అవసరం లేదు. నియంత్రణ సంస్థ సహాయవాణి 155255.

ఆలోచించి చెప్పండి

అ. మీ ఇల్లు ఉన్న చోట వరద, తుఫాను, భూకంపాలలో దేని భయం ఎక్కువ? మీ పాలసీ దానిని చేర్చుకొన్నదా?
ఆ. మీ ఇంటిని నేడు మళ్లీ కట్టాలంటే ఎంత ఖర్చవుతుంది? పాలసీలో రాసిన మొత్తం దానికి సరిపోతుందా?
ఇ. మీ ఇంటిలో జరిగే పని ఏదైనా దరఖాస్తులో చెప్పకుండా ఉండిపోయిందా?
ఈ. మీ సొసైటీ బీమా గడువు ఎప్పటితో ముగుస్తుంది?