మానవ స్వభావం, సమాజ పతనం – ఇబ్ను ఖల్దూన్ దృష్టిలో

మనిషి పుట్టుకతో మంచివాడా, చెడ్డవాడా? ఇది పండితుల కాలక్షేపం కోసం పుట్టిన ప్రశ్నలా అనిపించవచ్చు. కాని పాలకుడి చేతికి ఎంత అధికారం ఇవ్వాలన్నది దీనికి మనమిచ్చే జవాబును బట్టే తేలుతుంది.

ఇంగ్లండులో 1642లో రాజుకూ పార్లమెంటుకూ మధ్య అంతర్యుద్ధం మొదలైంది. 1649లో రాజు చార్లెస్‌కు శిరచ్ఛేదం జరిగింది. ఆ కాలంలో పారిస్‌లో తలదాచుకున్న థామస్ హాబ్స్ 1651లో ‘లెవియాథన్’ అనే గ్రంథం వెలువరించాడు. అందరినీ అదుపులో ఉంచే శక్తి లేకపోతే ప్రతి మనిషీ ప్రతి మనిషికీ శత్రువవుతాడు, కనుక ప్రజలు తమ హక్కులను ఒక సార్వభౌముడికి అప్పగించాలన్నది అతని వాదన. 1755లో ఫ్రెంచి భాషలో రాసిన రూసో దీన్ని తిరగేశాడు. మనిషి సహజంగా మంచివాడేననీ, ఆస్తి, హెచ్చుతగ్గులు అతన్ని చెడగొట్టాయనీ అన్నాడు.

హాబ్స్‌కు దాదాపు 270 ఏళ్ళ ముందే, 1377లో, అల్లామా ఇబ్ను ఖల్దూన్ (రహ్మలై) తన ‘ముఖద్దిమా’లో ఈ విషయాన్ని చర్చించారు. ఆయన 1332లో ట్యూనిస్‌లో జన్మించారు. పదిహేడేళ్ళయినా నిండకముందే ప్లేగు వ్యాధి తల్లిదండ్రులను తీసుకుపోయింది. తర్వాత రాజదర్బారుల్లో కొలువు చేశారు, ఫెజ్ నగరంలో చెరసాల కూడా చూశారు. అంటే సింహాసనాల లోగుట్టు తెలిసిన మనిషి.

మానవునిలో మంచీ చెడూ రెండూ ఉన్నాయంటారాయన. ఇందుకు దివ్య ఖుర్ఆన్‌లోని బలద్, షమ్స్ సూరాలను ఆధారంగా చూపుతారు. ధర్మశిక్షణ లేకపోతే చెడు వైపే మొగ్గు ఎక్కువ గనుక మనుషులను ఒకరి దౌర్జన్యం నుంచి మరొకరిని కాపాడే ‘వాజిఅ్’, అంటే నిలువరించేవాడు, కావాలి. ఇంతవరకు హాబ్స్ కూడా ఒప్పుకునేదే. కాని అల్లామా అక్కడే ఒక మినహాయింపు పెట్టారు: నగరాల్లో పాలకుడు జనాన్ని పరస్పర దౌర్జన్యం నుంచి ఆపుతాడు, స్వయంగా పాలకుడే చేసే జుల్మ్ తప్ప. హాబ్స్ తేలిగ్గా దాటేసిన చోటు ఇదే.

జుల్మ్ అంటే సొమ్ము దోచుకోవడం మాత్రమే కాదని ఆయన విడమరచి చెప్పారు. కూలి ఇవ్వకుండా పని చేయించుకోవడం (మన పల్లెల్లో దీన్నే వెట్టి అనేవారు), జనం సరుకును బలవంతంగా చౌకగా కొని వారికే ఎక్కువ ధరకు అంటగట్టడం, అన్యాయమైన పన్నులు, అన్నీ అందులోవే. కష్టఫలం తనకు దక్కదని తేలాక రైతు పొలం, వర్తకుడు దుకాణం వదిలేస్తారు. జనం వలసపోతారు. ఊరు పాడుబడుతుంది. ఖజానాకు రాబడి తగ్గుతుంది, పాలకుడు పన్ను ఇంకా పెంచుతాడు.

ఇంతకన్నా లోతైన మాట విద్యార్థుల గురించి రాసిన చోట ఉంది. కొట్టి చదివించిన పిల్లవాడు ఉత్సాహం కోల్పోతాడు, అబద్ధం, కపటం నేర్చుకుంటాడు, అదే చివరికి అతని స్వభావమైపోతుందన్నారు. సబఖ్ రాని రోజున బెత్తాన్ని తలచుకొని కడుపునొప్పి అని చెప్పిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. దౌర్జన్యం కింద బతికే జాతుల సంగతీ ఇంతేనంటారు అల్లామా. శిక్షకు జడిసి పాలకుడి ముందు అబద్ధమాడటం అలవాటైన ప్రజలు, శత్రువు వచ్చిన రోజున యుద్ధభూమిలో అతన్ని వదిలేసి పోతారు.