ఎన్నిక అను మాటయు, జాబితాలో మన పేరును

తెలుగులో 'ఎన్ను' అను క్రియకు లెక్కించుట, తలచుట, ఎంచుకొనుట అను అర్థములు కలవు. దాని నుండి పుట్టినదే 'ఎన్నిక'. హోసూరు ప్రాంతపు మన విద్యార్థులు వీధిలో వినునది మాత్రము 'తేర్దల్' అను తమిళపదము. అంతమాత్రమున మన మాట తమిళమునకు పరాయిది కాదు. ఓట్ల లెక్కింపును వారు 'వాక్కు ఎణ్ణిక్కై' అందురు. ఆ ఎణ్ణిక్కైయు మన ఎన్నికయు ఒకే ధాతువు బిడ్డలు. వారు లెక్కించుటకు నిలుపుకొన్న మాటను మనము ఎంచుకొనుటకు నిలుపుకొంటిమి. ఓటు వేయు స్థలమును వారు 'వాక్కుచ్చావడి' అందురు. చావడి యన నేమో మన పల్లెలలో ఎవరికిని చెప్పనక్కఱలేదు. ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొంది ఇచ్చటికి వచ్చిన మాకు ఈ సంగతులు పిల్లల నోటనే తెలిసినవి.

ఓటు వేయుటకు 18 సంవత్సరములు నిండవలెను గదా, తొమ్మిదవ తరగతి వానికి ఈ పాఠమేల యని కొందఱు తల్లిదండ్రులు అడుగుచుందురు. ఇంటిలో చదువు వచ్చినది ఆ పిల్లవానికో, ఆ పిల్లకో మాత్రమే యైన కుటుంబములు ఇచ్చట ఇంకను ఉన్నవి. ప్రభుత్వపు కాగితము వచ్చినచో చదువువారును నింపువారును వారే. కావున ఈ పాఠము వారికి రేపటిది కాదు, నేటిది.

మన రాష్ట్రముననే కాంచీపురము దగ్గఱ ఉత్తరమేరూరను ఊరు కలదు. అచ్చటి ఆలయపు గోడలపై చోళరాజైన మొదటి పరాంతకుని కాలమున, అనగా క్రీ.శ. 919, 921 ప్రాంతములలో, చెక్కిన శాసనములు ఉన్నవి. ఊరిని 30 భాగములుగా విభజించి, తగిన వారి పేర్లు తాటాకు ముక్కలపై వ్రాసి, కుండలో వేసి, సభవారందఱ యెదుట ఒక చిన్న బాలునిచేత తీయించెడివారు. తీసిన ఆకును అందుకొను పెద్ద తన ఐదు వేళ్లును విప్పి, తెఱచిన అఱచేతితోనే అందుకొనవలెనని శాసనము విధించినది. ఏల? చేతిలో వేఱొక ఆకును దాచుకొనకుండుటకు! వెయ్యేండ్లకు ముందే మోసమెట్లు జరుగునో తెలిసినవారు ఈ నియమమును వ్రాసిరి. లెక్కలు అప్పగింపనివారును, వారి దగ్గఱి చుట్టములును అనర్హులని కూడ అందు కలదు. ఈ పద్ధతికి కుడవోలై యని పేరు.

అయితే దీనిని చూపి మన ప్రజాస్వామ్యము నాడే యుండెనని చెప్పుట మాకు సమ్మతము కాదు. అది చీటీలు తీయుటయే గాని ఓటు కాదు. పన్ను కట్టు భూమియు, స్వంత స్థలమున ఇల్లును, వేదశాస్త్రజ్ఞానమును ఉన్న 35 మొదలు 70 ఏండ్లలోపు వారి పేర్లే కుండలో పడెడివి. కూలివాని పేరు ఆ కుండలో లేదు, స్త్రీ పేరును లేదు.

ఆ కుండలోనికి అందఱి పేర్లును చేర్చినది మన రాజ్యాంగము. దాని 326వ అధికరణము వయోజనులందఱకును ఓటు నిచ్చినది. మొదట 21 ఏండ్లు నిండవలసి యుండగా, 1989లో 61వ సవరణచే అది 18 ఆయెను. మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరు 25న హిమాచల ప్రదేశమున మంచు కురియుటకు ముందే మొదలై 1952లో ముగిసినవి. ఆనాడు కిన్నౌరు లోయలో ఓటు వేసిన శ్యాం శరణ్ నేగీ యను ఉపాధ్యాయుడు 2022 నవంబరులో మరణించుటకు కొద్ది దినముల ముందు కూడ ఓటు వేసెను.

ఓటర్ల సంఖ్య నాడు సుమారు 17 కోట్ల 32 లక్షలు. వారిలో పెక్కుమందికి చదువు రాదు. అందుచే ప్రతి అభ్యర్థికిని ఒక గుర్తు నిచ్చి, ఒక్కొక్కరికి వేఱు వేఱు పెట్టెను ఉంచిరి. మన తాతలు, అవ్వలు కాగితముపై ముద్ర వేయక, తమకు నచ్చిన గుర్తుగల పెట్టెలో దానిని వేసిరి.

ఆ జాబితా తయారు చేయునప్పుడు జరిగిన ఒక సంగతి ప్రతి బాలికయు జ్ఞాపకముంచుకొనవలెను. ఇంటికి వచ్చిన ఉద్యోగికి తమ పేరు చెప్పుటకు ఉత్తరదేశమున పెక్కుమంది స్త్రీలు ఇష్టపడలేదు. ఫలానావాని భార్యను, ఫలానావాని కూతురను అనిరి. అట్లు వ్రాయుటకు వీలులేదని ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ ఆజ్ఞాపించిరి. పేరు చెప్పుటకు గడువు నిచ్చినను చెప్పని సుమారు 28 లక్షల మంది పేర్లు జాబితానుండి తీసివేయబడినవి. కఠినమైన పనియే. కాని ఓటు భార్యకు కాదు, కూతునకు కాదు, పేరుగల మనిషికే యని ఆ ఒక్క ఆజ్ఞ తేల్చినది.

జాబితాతో పాటు ఎల్లలును మాఱినవి. తిరుత్తణి ప్రాంతపు ఓటరు 1952లో ఉమ్మడి మద్రాసు శాసనసభకును, 1955లో ఆంధ్ర రాష్ట్ర శాసనసభకును, 1960లో ఎల్లలు మాఱిన పిమ్మట 1962లో మరల మద్రాసు శాసనసభకును ఓటు వేసెను. అతడు మాత్రము ఇల్లు కదలలేదు!

ఇప్పుడు మన యింటి సంగతి. తమిళలిపిలో క, ఖ, గ, ఘ లకు ఒక్కటే అక్షరము. త, థ, ద, ధ లకును, ప, ఫ, బ, భ లకును అంతే. కావున గంగమ్మను తమిళమున వ్రాసి, దానిని చూచి మరల వేఱు లిపిలోనికి ఎత్తినచో కంగమ్మ కావచ్చును. బాలయ్య పాలయ్య కావచ్చును. ఇందు ఎవరి దురుద్దేశమును లేదు, లిపి స్వభావమది. ఇంకొక చిక్కు పొడి అక్షరముది. మనము పేరునకు ముందు ఇంటిపేరు వ్రాయుదుము. ఇచ్చట తండ్రిపేరు మొదటి అక్షరము వ్రాయుట ఆచారము. ఒకే మనిషికి రేషను కార్డులో ఒక అక్షరము, బడి ధ్రువపత్రములో వేఱొకటి, ఓటర్ల జాబితాలో ఇంకొకటి యుండుట మేము చూచుచునే యున్నాము. చిన్న వ్రాతతప్పు ఉన్నంత మాత్రమున, మనిషి గుర్తింపబడినచో, ఓటు తప్పిపోదు. కాని పేరే లేనివానికి చేతిలో గుర్తింపు కార్డు ఉన్నను ఓటు లేదు. ఇది చాలమందికి తెలియదు.

తప్పును దిద్దించుటకు 8వ నంబరు పత్రమును, క్రొత్తగా చేరుటకు 6వ నంబరు పత్రమును కలవు. జనవరి, ఏప్రిలు, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలలో దేనికి 18 ఏండ్లు నిండునో దానినిబట్టి చేరవచ్చును. 17 నిండినవారు ముందే అర్జీ పెట్టుకొనవచ్చును. 2025 నవంబరులో మన రాష్ట్రమున జాబితా ప్రత్యేక సవరణ మొదలై, బూతు అధికారులు ఇంటింటికిని పత్రములు పంచిరి. అట్టి పత్రము వచ్చినపుడు 'తమిళము మాకు సరిగా రాదు' అని దానిని గూటిలో పెట్టి మఱచుట తగదు. మీ పిల్లలు ఈ బడిలో తమిళమును కూడ చదువుచున్నారు.

ఓటు వేయు విధమును క్లుప్తముగా చెప్పెదము. మొదటి ఉద్యోగి జాబితాలో పేరు చూచి పైకి చదువును. ఎడమచేతి చూపుడువ్రేలికి, మైసూరులో తయారగు చెఱగని సిరా పూయుదురు. పుస్తకమున సంతకమో వేలిముద్రయో తీసికొందురు. తరువాత అట్టతెఱ వెనుక ఒక్కరే నిలిచి, కోరిన గుర్తు ప్రక్కనున్న నీలపు మీటను నొక్కవలెను. ప్రక్క పెట్టె అద్దములో ఆ గుర్తుగల చీటీ ఏడు సెకండ్లు కనబడి లోన పడును. మన పేరుతో మఱియొకరు ముందే ఓటు వేసిపోయినచో తిరిగి రానక్కఱలేదు. మనిషి తానేయని రుజువుచేసి, అధ్యక్షాధికారినుండి ప్రత్యేకముగా కాగితపు ఓటును అడిగి పొందవచ్చును. చూపులేనివారు 18 నిండిన ఒక తోడును తీసికొని పోవచ్చును.

ఆ అట్టతెఱ ఎందుకో తరగతిలో తేలికగా తెలియును. తరగతి నాయకుని చేతులెత్తించి ఎన్నుకొన్నచో, వెనుక బల్లవారు ముందు బల్లవారి చేతులు చూచి ఎత్తుదురు. బలముగల పిల్లవాని ముఖము చూచి కొందఱు దించుదురు. అదే చీటీలపై వ్రాయించినచో ఫలితమే మాఱుట కలదు. అందుచే మా తరగతులలో చీటీ పద్ధతినే పాటింతుము. లెక్కించునపుడు మాత్రము ఉత్తరమేరూరు పెద్దవలె ఐదు వేళ్లును విప్పియే చీటీ తీయవలెనని మా నియమము. పిల్లలకు అదొక ముచ్చట.

ఈ వారపు ఇంటిపని ఇది. ఇంటిలో 18 నిండిన ప్రతివారి పేరును, ముఖ్యముగా అవ్వ పేరును అమ్మ పేరును, వారినే అడిగి, వారు పలికినట్లే తెలుగున వ్రాయుడు. ప్రక్కన తమిళమున వ్రాయుడు. మూడవ వరుసలో ఓటర్ల జాబితాలో ఉన్నదున్నట్లు ఎత్తి వ్రాయుడు. మూడును సరిపోలని చోట ఎఱ్ఱసిరాతో గీత గీసి, సోమవారము పుస్తకము తీసికొని రండు. 8వ నంబరు పత్రములు తెలుగు విభాగమున ఉంచెదము. నింపుటకు పెద్దలు కూడ రావచ్చును, సాయంకాలము ఐదు గంటల వఱకు మేముందుము.