ట్రాన్సిస్టర్: కీలకమంతా పల్చటి బేస్‌లోనే

రెండు డయోడ్లను వెనకా వెనకా కలిపి సోల్డర్ చేస్తే ట్రాన్సిస్టర్ అవుతుందా? కాదని చాలామంది చెబుతారు. ఎందుకు కాదో చెప్పగలిగినవారికే ఈ పాఠం వచ్చినట్టు. వైవాలో ఇక్కడే తడబడతారు, కాబట్టి ఆ కారణం దగ్గరే ఎక్కువసేపు ఆగుదాం.

నేపథ్యం

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెన్ జెర్మేనియంతో తొలి ట్రాన్సిస్టర్‌ను పనిచేయించారు. సంధి ట్రాన్సిస్టర్ ఆలోచన విలియం షాక్లీది. 1956లో ముగ్గురికీ భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. బిట్ ప్రశ్నలకు ఇంతవరకు తెలిస్తే చాలు.

నిర్మాణం

ఎమిటర్, బేస్, కలెక్టర్ అని మూడు భాగాలు. ఎమిటర్‌లో మాలిన్యాలు బాగా ఎక్కువ. కలెక్టర్‌లో మధ్యస్థం, వైశాల్యం పెద్దది. బేస్ మాత్రం చాలా పల్చన, మాలిన్యాలూ స్వల్పం. బొమ్మ గీసేటప్పుడు మూడు గడులూ ఒకే వెడల్పుతో గీయకండి. బేస్ పల్చదనం కనబడని బొమ్మ అసలు విషయాన్నే దాచేస్తుంది.

పనిచేసే తీరు

ఎన్‌పీఎన్ రకాన్ని తీసుకుందాం. ఎమిటర్-బేస్ సంధికి పురోబయాస్, కలెక్టర్-బేస్ సంధికి తిరోబయాస్ ఇస్తాం. సిలికాన్‌లో బేస్ వోల్టేజీ సుమారు 0.7 వోల్టులకు చేరేసరికి మొదటి సంధి దగ్గరి అవరోధం తగ్గి, ఎమిటర్‌లోని ఎలక్ట్రాన్లు బేస్‌లోకి వచ్చిపడతాయి.

బేస్ పీ-రకం. అక్కడ రంధ్రాలతో కలిసిపోవడమే ఎలక్ట్రాన్ల సహజ గతి. కానీ రంధ్రాలు తక్కువ, దాటాల్సిన దూరమూ తక్కువ. అందుకే నూటికి 95 నుంచి 99 ఎలక్ట్రాన్లు కలిసిపోకముందే విసరణతో అవతలి సంధికి చేరిపోతాయి. అక్కడి తిరోబయాస్ బేస్‌లోని రంధ్రాలను అడ్డుకుంటుంది గానీ, ఎలక్ట్రాన్లను మాత్రం కలెక్టర్‌లోకి లాగేస్తుంది. తిరోబయాస్‌లో ఉన్న సంధి గుండా అంత విద్యుత్తు ఎలా పోతోందన్న సందేహానికి జవాబు ఇదే.

విడి డయోడ్లను కలిపితే మధ్యలో ఉండేది తీగ, మందమైన పీ-భాగాలు. మొదటి డయోడ్‌లోకి వచ్చిన ఎలక్ట్రాన్లు రెండో సంధి దాకా బతకవు. కాబట్టి ఒక సంధి మీద మరో సంధికి పట్టు ఉండదు.

బేస్‌లో కలిసిపోయిన కొద్దిపాటి రంధ్రాలను భర్తీ చేయడానికి బేస్ విద్యుత్తు కావాలి. బేస్ వోల్టేజీ కాస్త మారితే అవరోధం ఎత్తు మారుతుంది. గది ఉష్ణోగ్రత వద్ద సుమారు 60 మిల్లీవోల్టులు పెంచితే కలెక్టర్ విద్యుత్తు పదింతలవుతుంది. నియంత్రణ అంటే ఇదీ. ఇలా బేస్ దగ్గరి చిన్న సంకేతాన్ని కలెక్టర్‌లో పెద్దది చేసి వర్ధకంగా పనిచేసినా, ట్రాన్సిస్టర్ శక్తిని సృష్టించదు. పెరిగిన సంకేతానికి శక్తినిచ్చేది కలెక్టర్ వలయంలోని బ్యాటరీ. వర్ధకం గురించి రాసేటప్పుడు ఈ వాక్యం తప్పక రాయండి.

లెక్క

ఎమిటర్ విద్యుత్తు = బేస్ విద్యుత్తు + కలెక్టర్ విద్యుత్తు
బీటా = కలెక్టర్ విద్యుత్తు ÷ బేస్ విద్యుత్తు
ఆల్ఫా = కలెక్టర్ విద్యుత్తు ÷ ఎమిటర్ విద్యుత్తు

బీటా 100, బేస్ విద్యుత్తు 20 మైక్రో ఆంపియర్లు అయితే కలెక్టర్‌లో 2 మిల్లీ ఆంపియర్లు, ఎమిటర్‌లో 2.02 మిల్లీ ఆంపియర్లు. ఆల్ఫా దాదాపు 0.99.

ఇప్పుడు ఉమ్మడి ఎమిటర్ వలయంలో 9 వోల్టుల బ్యాటరీ, కలెక్టర్ వైపు 2 కిలో ఓమ్‌ల నిరోధం ఉన్నాయనుకోండి. నిరోధం మీద 4 వోల్టులు పోగా ట్రాన్సిస్టర్‌కు 5 మిగులుతాయి. ఇది క్రియాశీల ప్రాంతం. బేస్ విద్యుత్తును 60కి పెంచితే కలెక్టర్‌లో 6 మిల్లీ ఆంపియర్లని గబుక్కున రాసేస్తారు. అప్పుడు నిరోధం మీదే 12 వోల్టులు కావాలి, ఉన్నవి 9. కాబట్టి విద్యుత్తు దాదాపు 4.5 మిల్లీ ఆంపియర్ల దగ్గరే ఆగిపోతుంది. అది సంతృప్త ప్రాంతం, బీటా సూత్రం అక్కడ వర్తించదు.

స్విచ్‌గా

బేస్ విద్యుత్తు లేకపోతే కట్-ఆఫ్, అంటే స్విచ్ ఆఫ్. సంతృప్తంలో ఆన్. వర్ధకానికి ఈ రెండింటి మధ్యనున్న క్రియాశీల ప్రాంతం కావాలి.

మాస్‌ఫెట్

ఫోన్లు, కంప్యూటర్ల చిప్‌లలో ఉండేవి ఎక్కువగా ఈ రకమే. దీని కొనలు గేటు, సోర్స్, డ్రెయిన్. గేటుకూ సిలికాన్‌కూ మధ్య పల్చటి బంధక పొర ఉంటుంది. గేటు వోల్టేజీ ఒక హద్దు దాటగానే, దాని విద్యుత్ క్షేత్రానికి పొర కింద ఎలక్ట్రాన్లు చేరి సోర్స్ నుంచి డ్రెయిన్‌కు దారి ఏర్పడుతుంది. స్థిర వోల్టేజీ వద్ద గేటులోకి దాదాపు విద్యుత్తే పోదు. సంధి ట్రాన్సిస్టర్‌తో తేడా అడిగితే ముందుగా రాయాల్సింది ఇదే.