నీళ్ళు ఎటు పోతున్నాయి?

ట్రాక్టరు దుక్కి దున్నుతుంది. ఎరువు తోలుతుంది. ధాన్యం మోస్తుంది. దానికి బలం డీజిల్ ఇంజను. ఈ రకం ఇంజనును తయారుచేసినవాడు రుడాల్ఫ్ డీజిల్. ఆయన జర్మనీ ఇంజనీరు. 1892లో తన ఆలోచనకు పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. 1897లో బాగా నడిచే ఇంజనును చూపించాడు. ఆయన పేరే ఇంజనుకు వచ్చింది. అందులో పోసే నూనెకూ అదే పేరు వచ్చింది.

ఇంజను ఎందుకు వేడెక్కుతుంది?

సైకిలుకు గాలి కొడితే పంపు వేడెక్కుతుంది. గాలిని అదిమితే వేడి పుడుతుంది. డీజిల్ ఇంజను గాలిని ఇంకా చాలా గట్టిగా అదుముతుంది. ఆ వేడి గాలిలోకి డీజిల్ చిమ్ముతుంది. డీజిల్ వెంటనే మండుతుంది. ఆ బలంతో బండి నడుస్తుంది.

మండిన డీజిల్‌లో సుమారు మూడో వంతు మాత్రమే పనికి వస్తుంది. మిగతాది చాలావరకు వేడిగా పోతుంది. కొంత వేడి పొగగొట్టంలోంచి పోతుంది. ఇంకొంత వేడిని నీళ్ళు మోసుకుపోవాలి.

అందుకే ఇంజను చుట్టూ నీళ్ళు తిరుగుతుంటాయి. వాటరు పంపు వాటిని తిప్పుతుంది. వేడి నీళ్ళు పై రబ్బరు గొట్టం గుండా రేడియేటరులోకి వస్తాయి. అక్కడ ఫ్యాను గాలికి చల్లబడతాయి. కింది గొట్టం గుండా మళ్ళీ ఇంజనులోకి పోతాయి.

నీళ్ళు తగ్గితే వేడి పోదు. ఇంజను లోపల పిస్టన్లు పట్టేస్తాయి. ఇంజను బోరుకు వస్తుంది. అది పెద్ద ఖర్చు.

పాత బండి నీళ్ళు తాగుతుందా?

ఒక పొదుపు సంఘం ఆడవాళ్ళు అప్పు చేసి పాత ట్రాక్టరు కొన్నారు. దాన్ని అద్దెకు తిప్పుతున్నారు. అద్దె డబ్బుతోనే వాయిదా కట్టాలి. కొన్నాళ్ళకు బండి వేడెక్కసాగింది. డ్రైవరు రోజూ రేడియేటరులో నీళ్ళు పోస్తున్నాడు.

"పాత బండి కదమ్మా! నీళ్ళు తాగుతుంది" అన్నాడు.

"తాగడానికి అదేమన్నా గేదెనా, నాయనా? పోసిన నీళ్ళు ఎటో పోతున్నాయి. ఎటు పోతున్నాయో చూడాలి" అంది ఒక పెద్దామె.

ఆమె కోడలు ఆ ఏడాదే చదవడం, రాయడం నేర్చుకుంది. ఆమె ఒక నోటుపుస్తకం పెట్టింది. రోజూ ఎన్ని లీటర్లు పోశారో అందులో రాసింది.

సోమవారం 1 లీటరు
మంగళవారం 1 లీటరు
బుధవారం 2 లీటర్లు
గురువారం 3 లీటర్లు
శుక్రవారం 4 లీటర్లు

మేస్త్రీని పిలిచి పుస్తకం చూపించారు. "మంచి పని చేశావమ్మా. కారడం రోజురోజుకూ పెరుగుతోంది. ఇంకో వారం ఇలాగే నడిపితే ఇంజను పోయేది" అన్నాడు మేస్త్రీ.

"మూత తీసి చూస్తారా అన్నా?" అని అడిగింది కోడలు.

"ఇప్పుడు వద్దు. ఇంజను వేడిగా ఉంది" అంటూ అతను తన ముంజేయి చూపించాడు. దాని మీద కాలిన మచ్చ ఉంది. "పని నేర్చుకునే రోజుల్లో తొందరపడ్డాను. అప్పటిది ఇది."

వేడి మీద మూత తీయవద్దు

నీళ్ళు మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత బిగించిన రేడియేటరులో ఒత్తిడి ఉంటుంది. కాబట్టి 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీయగానే ఒత్తిడి పోతుంది. నీళ్ళు ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతాయి. ప్రెషరు కుక్కరు మూతను ఆవిరి పోకముందే తీస్తామా? ఇదీ అంతే.

బండి వేడెక్కితే ఇలా చేయాలి.

1. బండిని పక్కకు ఆపాలి. నీళ్ళు కారిపోతుంటే వెంటనే ఇంజను ఆపాలి.
2. ఇంజను బాగా చల్లారేదాకా ఆగాలి. అరగంట చాలకపోవచ్చు.
3. మూత మీద మందపాటి గుడ్డ వేయాలి. ముఖం దూరంగా పెట్టాలి. మూతను మొదటి మెట్టు దాకా తిప్పి ఆగాలి. మిగిలిన ఆవిరి పోయాకే తీయాలి.
4. కాలిన ఇంజనులో చన్నీళ్ళు పోయకూడదు. ఇనుము పగులుతుంది.

ఒక్కోసారి మీటరు ముల్లు కూడా మోసం చేస్తుంది. నీళ్ళు బాగా తగ్గితే వేడిని కొలిచే బిళ్ళకు నీళ్ళు తగలవు. అప్పుడు ఇంజను కాలుతున్నా ముల్లు కిందే ఉండవచ్చు. కనుక రోజూ పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు నీళ్ళు చూడాలి.

నీళ్ళు బయటికి పోతే

మేస్త్రీ ఆ రాత్రి ఇంజను కింద పాత అట్టముక్క పరిపించాడు. తెల్లవారేసరికి అట్ట మీద తడి కనిపించింది. సరిగ్గా దాని పైన వాటరు పంపు ఉంది. పంపు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు పాడైతే అక్కడినుంచి నీళ్ళు కారతాయి. ఆ రంధ్రాన్ని మూయకూడదు. సీలు గానీ, పంపు గానీ మార్చాలి. మేస్త్రీ సీలు మార్చాడు. నీళ్ళు తగ్గడం ఆగింది.

కారే చోట్లు ఇంకా ఉన్నాయి. రబ్బరు గొట్టాలు పగలవచ్చు. క్లిప్పులు వదులు కావచ్చు. రేడియేటరు అతుకులు విడవచ్చు. మూత వాచరు అరగవచ్చు. ఎండిన చోట తెల్లటి మరక గానీ, తుప్పు మరక గానీ ఉంటుంది. ఆ మరకే గుర్తు.

నీళ్ళు లోపలికి పోతే

కింద చుక్క కూడా కనపడదు. అయినా నీళ్ళు తగ్గుతాయి. అప్పుడు హెడ్ గాస్కెట్టును అనుమానించాలి. గుర్తులు ఇవి.

ఇంజను వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది. చలి పొద్దున కాసేపు వచ్చే తెల్ల పొగ వేరు.
ఇంజను ఆయిలు పాలు కలిపిన టీ రంగుకు మారుతుంది.
రేడియేటరు నీళ్ళలో బుడగలు ఆగకుండా వస్తాయి. ఈ పరీక్ష మేస్త్రీయే చేయాలి.

ఆయిలు రంగు మారితే బండి నడపకూడదు. మేస్త్రీని పిలవాలి.

నీళ్ళు తగ్గకుండానే వేడెక్కితే

ఫ్యాను బెల్టు వదులుగా ఉందేమో చూడాలి. ఇంజను ఆపాకే బెల్టును ముట్టుకోవాలి. చీర కొంగు, జడ బెల్టుకు దూరంగా ఉంచాలి. రేడియేటరు ముందు పొట్టు, దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు. నూర్పిళ్ళ రోజుల్లో రోజూ శుభ్రం చేయాలి. థర్మోస్టాట్ అనే చిన్న తలుపు తెరుచుకోకపోయినా నీళ్ళు తిరగవు.

ఏ నీళ్ళు పోయాలి?

ఉప్పు నీళ్ళు కాచిన గిన్నె అడుగున గార కడుతుంది. రేడియేటరు సన్నని గొట్టాల్లోనూ అలాగే కట్టి దారి మూసుకుంటుంది. అందుకే శుద్ధి చేసిన నీళ్ళలో కూలెంటు కలిపి పోయాలి. ఎంత కలపాలో డబ్బా మీద ఉంటుంది. చదివి కలపాలి. కూలెంటు తుప్పును కూడా ఆపుతుంది.

కానీ చాలా కూలెంట్లు విషం. పైగా తియ్యగా ఉంటాయి. పిల్లలు, దూడలు, కుక్కలు తాగే ప్రమాదం ఉంది. కారినచోట మట్టి వేసి ఎత్తేయాలి. పిల్లలకు అందని చోట డబ్బా పెట్టాలి. తాగే నీళ్ళ సీసాలో ఎప్పుడూ పోయకూడదు.

చెప్పండి

1. వేడిగా ఉన్న రేడియేటరు మూత ఎందుకు తీయకూడదు?
2. ఇంజను కింద అట్టముక్క ఎందుకు పరిచారు?
3. నీళ్ళు లోపలికి పోతున్నాయని ఎలా తెలుస్తుంది?

లెక్క చేయండి

నోటుపుస్తకంలో 5 రోజుల లెక్క ఉంది. మొత్తం ఎన్ని లీటర్లు పోశారు? సోమవారం కన్నా శుక్రవారం ఎన్ని లీటర్లు ఎక్కువ?

రాయండి

మీ ఊళ్ళో ట్రాక్టరు, ఆటో, జీపు ఏదైనా ఉందా? రేడియేటరులో నీళ్ళు ఎప్పుడు పోశారో, ఎన్ని పోశారో వారం రోజులు అడిగి రాయండి. లెక్క పెరుగుతుంటే బండివాళ్ళకు చూపించండి.