పంచాయతీ ట్రాక్టరు ఇంజనులో వింత చప్పుళ్ళు

ఖమ్మము మైదానమును దాటి భద్రాచలపు అడవులలోనికి పోవు కొలది గ్రామములు చిన్నవగును, గూడెముల నడుమ దూరము పెరుగును. ఇట్టి చోట పంచాయతీ ట్రాక్టరు చేయని పని లేదు. 2019 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వము పల్లె ప్రగతిని ఆరంభించిన పిమ్మట గ్రామ పంచాయతీలు ట్రాక్టరును, ట్రాలీని, నీటి ట్యాంకరును సమకూర్చుకొనినవి. కొన్ని పంచాయతీలు ఇందులకై బ్యాంకు ఋణము కూడ తీసికొనినవి. చెత్త మోయుట, మొక్కలకు నీరు పోయుట దాని నిత్యకృత్యములు. 2022 జూలైలో గోదావరి భద్రాచలము వద్ద 71 అడుగులు దాటినపుడు లోతట్టు ప్రజలను, వారి సామానును మెట్టకు చేర్చిన వాహనములలో ట్రాక్టర్లును కలవు. అట్టి రాత్రి ఇంజను మొరాయించినచో కలుగు కష్టము సభ్యులకు చెప్పనక్కరలేదు. అయితే ఇంజను సామాన్యముగ హఠాత్తుగ చెడదు. చాల దినముల ముందే చప్పుడు చేసి తెలుపును.

డీజిలు ఇంజనునకు టకటక యను ధ్వని సహజము. పెట్రోలు ఇంజనులో వలె దీనికి నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గులు లేవు. సిలిండరులోని గాలి తన పరిమాణములో సుమారు 16వ వంతు మొదలు 18వ వంతు వరకు కుదింపబడి మిక్కిలి వేడెక్కును. ఆ వేడిగాలిలోనికి ఇంజెక్టరు డీజిలును చిమ్మగనే అది భగ్గున మండును. ఆ మంటయే టకటకకు కారణము. చలికాలపు ఉదయమున ఈ ధ్వని గట్టిగ నుండి, వేడెక్కిన పిమ్మట తగ్గుట దోషము కాదు. నిన్న లేని చప్పుడు నేడు వినబడుట, వేడెక్కిన కొలది హెచ్చుట దోషము.

బండి కదలక ఇంజను మాత్రము మెల్లగ తిరుగుచున్నపుడు చప్పుళ్ళను వేరుపరచుట సులభము. ట్రాలీ మోత, టైర్ల రాపిడి అప్పుడుండవు. గేరును న్యూట్రలులో నుంచి, బ్రేకు బిగించి, చక్రములకు రాళ్ళు పెట్టవలెను. కండువా, పైట కొంగు ఫ్యాను దరిదాపులకు పోరాదు. రెండు మూరల గట్టి కర్రను తీసికొని, ఒక కొనను ఇంజను పైభాగములపై ఒక్కొక్క చోట ఆనించి, రెండవ కొనను చెవి ప్రక్క ఎముకకు ఆనించి వినవలెను. వైద్యుని స్టెతస్కోపు చేయు పనిని ఈ కర్ర చేయును. ముందుగ బానెటు, బ్యాటరీ పెట్టె, సైలెన్సరు బోల్టులను చేతితో కదిపి చూడుట మంచిది. సైలెన్సరును మాత్రము ఇంజను చల్లగ నున్నపుడే ముట్టవలెను. పెద్ద రోగమని భయపడిన చప్పుడు ఒక వదులు బోల్టుతో తీరుట కలదు.

కీచుమను ధ్వని ఫ్యాను బెల్టు వదులైనదని తెలుపును. గరగరమని తిరుగుచున్న చప్పుడైనచో, ఇంజను ఆపి, బెల్టును తీసి, మరల ఒక నిమిషమునకు మించకుండ నడిపి చూడవలెను. చప్పుడు పోయినచో దోషము వాటరు పంపులోనో, డైనమోలోనో ఉన్నది. ఇంజను విప్పవలసిన పని లేదు. ఇటులనే క్లచ్ పెడలును త్రొక్కి చూడవలెను. త్రొక్కగనే చప్పుడు పుట్టినచో క్లచ్ బేరింగు అరిగినది. త్రొక్కగనే మాయమైనచో గేరుపెట్టెలోని బేరింగు చెడినది. ఎప్పుడును క్లచ్‌పై పాదముంచి నడుపు డ్రైవరు మొదటి దోషమును తానే తెచ్చుకొనును.

పైభాగమున సన్నని, క్రమమైన టిక్ టిక్ ధ్వని టాపెట్ల సందు పెరిగినదనుటకు గుర్తు. తయారీదారుల పుస్తకములో చెప్పిన కొలత ప్రకారము ఫీలరు గేజితో మెకానిక్కు సరిచేయును. సైలెన్సరు మూలమున ఫట్ ఫట్ మని, ప్రక్కన మసి కనబడినచో గాస్కెటు పోయినది. ఇంజను వేగము తనంత తాను హెచ్చుచు తగ్గుచున్నచో డీజిలు గొట్టములో గాలి చేరినదో, ఫిల్టరు మూసికొనిపోయినదో చూడవలెను. ఒక్క సిలిండరు నుండి గట్టిదెబ్బ వంటి చప్పుడు, దానితో నల్లని పొగ వచ్చినచో ఇంజెక్టరును అనుమానింపవలెను. దానిని తనిఖీ చేయుట మెకానిక్కు పని. ఇంజెక్టరు గొట్టమునుండి చిమ్ము డీజిలు చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు గనుక అక్కడ చేయి పెట్టరాదు.

అన్నిటికన్న ప్రమాదకరమైనది ఇంజను అడుగునుండి వచ్చు బరువైన దబదబ ధ్వని. ఆయిలు ఒత్తిడిని తెలుపు దీపము కూడ వెలిగినచో బేరింగులు అరిగినవని తలంచి తత్‌క్షణమే ఇంజను ఆపవలెను. షెడ్డు దాక నడిపించుకొని పోవుదమనిన క్రాంక్ షాఫ్టు కూడ పాడగును. త్రాటితో లాగించుకొని పోవుటయే చౌక.

మన ప్రాంతమున రెండు శత్రువులు గలవు: దుమ్ము, వరద. మణుగూరు, ఇల్లెందు, కొత్తగూడెము వైపు బొగ్గు లారీలు తిరుగు రోడ్లపైనను, అడవి బాటలపైనను గాలి శుద్ధి చేయు పాత్ర త్వరగ నిండును. దానిని పుస్తకములో చెప్పిన గడువుకన్న ముందే శుభ్రపరచవలెను. ఇక వాగు దాటునపుడు గాలి గొట్టము ద్వారా నీరు సిలిండరులోనికి పోయినచో, నీరు గాలివలె కుదియదు గనుక కనెక్టింగ్ రాడ్డు వంగును. నీట మునిగిన ట్రాక్టరును స్టార్టు చేయరాదు. ఆయిలు గేజి కర్రను తీసి చూడగ ఆయిలు పాలవలె తెల్లబడియున్నచో నీరు చేరినదని నిశ్చయము.

చప్పుడు వినబడినపుడు డ్రైవరును నిందించుటతో సమావేశము ముగియుట మనకు క్రొత్త కాదు. దానికి బదులు లాగు పుస్తకములో ఈ సంగతులు వ్రాయింపవలెను: చప్పుడు చల్లని ఇంజనులోనా, వేడి ఇంజనులోనా, క్లచ్ త్రొక్కినపుడు మారినదా, పొగ ఏ రంగు, ఆయిలు ఎంత మట్టమున నున్నది, గంటల మీటరు ఎంత చూపుచున్నది. "ఇంజను చప్పుడు చేయుచున్నది" అని మాత్రము తెలిపిన మెకానిక్కు సమస్తమును విప్పును, బిల్లును ఆ మేరకే వ్రాయును. మరమ్మతు తీర్మానములోనే, మార్చిన పాత భాగములను పంచాయతీ కార్యాలయమునకు తిరిగి ఇయ్యవలెనను షరతును చేర్చుట మంచిది. అరిగిన బేరింగును చేతబట్టి చూచిన సభ్యుడు మరుసటి బిల్లును మరింత శ్రద్ధతో చదువును.